ఇంట్లో చేసుకున్న గేమ్ మెషిన్‌కి జాయ్‌టుకీ: మెనూకి తప్పనిసరి, మేమ్‌కి అక్కర్లేదు

పాత కంప్యూటర్‌తో ఇంట్లోనే ఆర్కేడ్ మెషిన్ చేసుకున్నవాళ్లకి నేను మొదట చెప్పే సాఫ్ట్‌వేర్ జాయ్‌టుకీ. కాకపోతే దాన్ని ఎక్కడ పని చేయించాలో, ఎక్కడ నోరు మూయించాలో తెలిసి ఉండాలి. అది తెలియకే చాలామంది విసిగిపోయి తీసి పారేస్తుంటారు.

మాది ప్లైవుడ్ మెషిన్, వడ్రంగి చేత చేయించాం. లోపల కోర్ టు డుయో డెస్క్‌టాప్, విండోస్ 7, పక్కన పడేసిన 17 అంగుళాల మానిటర్. జాయ్‌స్టిక్, బటన్ల వైర్లని కంప్యూటర్‌కి కలపడానికి ఒక్కో ప్లేయర్‌కి ఒక్కో జీరో డిలే యూఎస్‌బీ బోర్డు. నేనూ మా బావమరిదీ చిన్నప్పుడు వీడియో గేమ్ షాపులో రూపాయి బిళ్లలు పోసి 'ముస్తఫా' ఆడినవాళ్లం. 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన ఆ ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. మన దగ్గర మాత్రం అందులోని ఒక హీరో పేరే నిలిచిపోయింది. మళ్లీ ఆ ఆట నిలబడి ఆడాలన్నదే మా కోరిక.

జాయ్‌టుకీ చేసే పని ఒక్కటే. జాయ్‌స్టిక్ తిప్పినా, బటన్ నొక్కినా దాన్ని కీబోర్డు కీగా మార్చి విండోస్‌కి అందిస్తుంది. ఆటలు ఎంచుకునే మెనూ ప్రోగ్రామ్, కీబోర్డు తప్ప ఇంకోటి తెలియని పాత పీసీ గేములు దీనితోనే దారికొస్తాయి. చాలా చిన్న ప్రోగ్రామ్, పాత కంప్యూటర్ మీద భారం పడదు.

మాకు చిక్కు వచ్చింది మేమ్‌తో, అంటే పాత ఆర్కేడ్ ఆటల్ని కంప్యూటర్ మీద ఆడించే ప్రోగ్రామ్‌తో. మెనూలో వెనక్కి రావడానికి ఆరో బటన్‌కి ఎస్కేప్ కీ ఇచ్చాం. మేమ్‌లో ఎస్కేప్ అంటే ఆట మూసెయ్యడం. కింగ్ ఆఫ్ ఫైటర్స్‌లో మంచి ఊపు మీద ఉండగా మా బావమరిది చెయ్యి ఆ బటన్ మీద పడితే చాలు, స్క్రీన్ మళ్లీ మెనూలో తేలేది. "బావా, బోర్డు పోయినట్టుంది" అనేవాడు. బోర్డు బాగానే ఉంది. మేమ్ జాయ్‌స్టిక్‌ని తనంతట తానే చదువుకుంటుంది, దానికి మధ్యవర్తి అక్కర్లేదు. జాయ్‌టుకీలో ఏ బటన్‌కి ఏ కీ అన్న జాబితాని ప్రొఫైల్ అంటారు. అందుకే ఏ కీలూ లేని ఖాళీ ప్రొఫైల్ ఒకటి చేసి, మేమ్ ప్రోగ్రామ్‌కి జోడించాం. మేమ్ తెర మీదికి రాగానే ఖాళీ ప్రొఫైల్, మెనూకి రాగానే మెనూ ప్రొఫైల్, వాటంతట అవే మారతాయి. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా దీన్ని వాడొచ్చు.

బటన్ పని చేయనప్పుడు వెంటనే సాఫ్ట్‌వేర్‌ని అనుమానించకండి. ముందు విండోస్‌లో జాయ్‌స్టిక్‌ని పరీక్షించే గేమ్ కంట్రోలర్స్ సెట్టింగు తెరిచి బటన్ నొక్కండి. అక్కడ ఎర్రగా వెలగకపోతే తప్పు వైరుదో, బటన్ కింద ఉండే చిన్న మైక్రోస్విచ్‌దో. అక్కడ వెలిగితే జాయ్‌టుకీలో చూడండి, నొక్కిన బటన్ వరస పసుపు రంగులోకి మారాలి. అదీ అయితే నోట్‌ప్యాడ్ తెరిచి అక్షరం పడుతుందో లేదో చూడండి. నోట్‌ప్యాడ్‌లో పడి, ఆటలో పడకపోతే ఆ ఆటని అడ్మినిస్ట్రేటర్‌గా నడుపుతున్నారేమో గమనించండి. అలాగైతే జాయ్‌టుకీని కూడా అడ్మినిస్ట్రేటర్‌గానే తెరవాలి. ఈ వరసలో వెళ్తే తప్పు ఎక్కడుందో దొరికిపోతుంది.

ఒకే రకం బోర్డులు రెండు పెడితే విండోస్‌కి రెండూ ఒకే పేరుతో కనిపిస్తాయి. కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసినప్పుడు ఒకటో ప్లేయర్, రెండో ప్లేయర్ తారుమారు కావచ్చు. మెనూ ప్రొఫైల్‌లో రెండు జాయ్‌స్టిక్‌లకీ ఒకే కీలు ఇచ్చేస్తే ఎవరు తిప్పినా మెనూ కదులుతుంది, ఆ టెన్షన్ ఉండదు. ఆటలోపల తారుమారైతే మాత్రం జాయ్‌టుకీ చేసేదేం లేదు, అది మేమ్ సెట్టింగుల్లో చూసుకోవాల్సిందే.

ఐ-ప్యాక్ లాంటి బోర్డు కొన్నవాళ్లకి ఇదంతా అనవసరం. అది తానే కీబోర్డులా కనిపిస్తుంది, మేమ్ మామూలుగా వాడే కీలే పంపుతుంది. ఖరీదు ఎక్కువ. చవక బోర్డుతో మొదలుపెట్టేవాళ్లకి జాయ్‌టుకీయే నయం. ఇది షేర్‌వేర్, అంటే ముందు వాడి చూసి తర్వాత డబ్బు కట్టేది. నచ్చితే లైసెన్స్ కొనుక్కోండి, చేసినవాళ్లకి ఆ మాత్రం దక్కాలి. కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునేలా స్టార్టప్‌లో పెట్టేటప్పుడు మెనూ ప్రోగ్రామ్ కంటే ముందు ఇది తెరుచుకునేలా చూడండి. పాత హార్డ్ డిస్క్ అయితే, వీటిని వరసగా తెరిచే ఆదేశాలు రాసుకునే బ్యాచ్ ఫైల్‌లో రెండింటి మధ్య ఓ పది సెకన్లు ఆగమని రాయండి.