టీఎల్‌ఆర్‌-4ను అడ్డుకోవడమా, ముందే మేల్కొల్పడమా?

పర్లాకిమిడి, బరంపురం తెలుగు ఇళ్లలో ‘ఇన్ఫెక్షన్ రక్తానికి ఎక్కింది’ అన్న మాట వింటేనే గుండె జారిపోతుంది. ఆ స్థితిలో, అంటే ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే సెప్సిస్‌లో, గ్రామ్ నెగెటివ్ అనే రకం బ్యాక్టీరియా పైపొరలోని విషపదార్థమైన ఎండోటాక్సిన్‌ను పసిగట్టే సహజ రోగనిరోధక గ్రాహకం టీఎల్‌ఆర్‌-4. దానిని అడ్డుకునే ఎరిటోరాన్ అనే మందు, దాదాపు 2000 మంది తీవ్ర రోగులపై జరిగి 2013లో ఫలితాలు వెలువడిన పరీక్షలో, 28 రోజుల్లోపు మరణాలను తగ్గించలేకపోయింది. మందు అందేసరికే వాపు ప్రక్రియ (ఇన్‌ఫ్లమేషన్) ముదిరి ఉండటం ఇందుకు ఒక కారణం కావచ్చు. రాయగడ కొండల నుంచి గంటల తరబడి ప్రయాణించి ఆసుపత్రికి చేరేవారిని తలచుకుంటే ఈ ఆలస్యమే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది.

అదే గ్రాహకాన్ని మృదువుగా ప్రేరేపించే, ఎండోటాక్సిన్‌కు విషతీవ్రత తగ్గించిన రూపమైన ఎంపీఎల్ఏను ముందుగా ఇచ్చినప్పుడు ఎలుకలు తర్వాతి ఇన్ఫెక్షన్‌ను మెరుగ్గా తట్టుకున్నాయి. ఈ కోవకే చెందిన ఎంపీఎల్ సర్పి (షింగిల్స్) రాకుండా వేసే షింగ్రిక్స్ టీకాలో ఇప్పటికే వాడుకలో ఉంది. సెప్సిస్ నివారణకు మనుషుల్లో ఇంకా నిరూపణ కాకపోయినా, పెద్ద శస్త్రచికిత్సకు ముందువంటి సందర్భాలకు నా మొగ్గు దీనివైపే. సెప్సిస్ వచ్చాక మాత్రం ఈ రెండూ యాంటీబయాటిక్‌కు ప్రత్యామ్నాయాలు కావు.