చునార్ కోట గైడు యాత్ర: రాణి కథలో దాటేసిన మూడేళ్లు

కాశీయాత్రలో, మేము దిగిన సత్రం వారు కుదిర్చిన గైడుతో, సుమారు నలభై కిలోమీటర్ల దూరాన గంగ ఒడ్డునున్న చునార్ కోటను చూసివచ్చాము. పంజాబు సిక్కు రాజ్యాన్నేలిన రంజిత్ సింగ్ భార్య, లాహోరు మహారాణి జింద్ కౌర్‌ను ఈస్టిండియా కంపెనీ బంధించిన కోట అది. నేను వెళ్లింది ఆమె కోసమే.

కారు చెప్పిన వేళకే వచ్చింది. భర్తృహరి సమాధి, సోన్వా మండపం, వారెన్ హేస్టింగ్స్ బంగళా గురించి గైడు ఎంతో ఓపికగా వివరించారు. కోటలో కొంత భాగం పోలీసు దళాల ఆధీనంలో ఉన్నందున అన్ని చోట్లకూ పోనివ్వరని బయలుదేరక ముందే చెప్పడం నాకు నచ్చింది.

జింద్ కౌర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, 1849 ఏప్రిల్‌లో ఆమె దాసి వేషంలో తప్పించుకుని నేపాలు చేరిందన్న కథతో సరిపెట్టారు. కథ నిజమే. అయితే ఒక స్త్రీని లాహోరు నుండి షేఖుపురాకు, అక్కడి నుండి కాశీకి, కాశీ నుండి ఈ కొండ మీదికి తరలించేంత భయం కంపెనీకి ఎందుకు పుట్టిందో చెప్పకపోతే, వినేవారికి అది వట్టి సాహసగాథగానే మిగులుతుంది.

1843లో ఐదేళ్ల కొడుకు దలీప్ సింగ్ గద్దెనెక్కినప్పుడు ఆమె రాజప్రతినిధిగా పాలన చేపట్టి, పరదా విడిచి దర్బారులో కూర్చుని, సేనతో నేరుగా మాట్లాడింది. వజీరుగా ఉన్న తన సోదరుడు జవాహర్ సింగ్‌ను 1845 సెప్టెంబరులో ఆ సేనే చంపినా పాలన వదలలేదు. అదే ఏడాది డిసెంబరులో కంపెనీతో మొదలైన యుద్ధం సోబ్రావ్ వద్ద సిక్కు సేన ఓటమితో ముగిసింది. 1846 డిసెంబరు నాటి భైరోవాల్ సంధి ఏటా లక్షన్నర రూపాయల భరణం చూపించి ఆమెను పాలన నుండి తొలగించింది. మరుసటి ఏడాది, యుద్ధంలో ద్రోహం చేశాడన్న అపకీర్తి మోస్తున్న సిక్కు సేనాపతి తేజ్ సింగ్‌కు రాజా బిరుదు ఇచ్చే సభలో, అతని నుదుట తిలకం దిద్దడానికి బాలరాజు నిరాకరించాడు. అది తల్లి నేర్పిన పట్టుదలేనని నమ్మిన కంపెనీ అధికారులు బిడ్డను ఆమె నుండి వేరు చేశారు. తల్లీకొడుకులు మళ్లీ కలుసుకున్నది 1861లో, కలకత్తాలో!

1863లో ఇంగ్లండులో కన్నుమూసిన ఆమెకు మరుసటి ఏడాది దహనసంస్కారం జరిగింది నాసిక్‌లో, మన గోదావరి తీరాన. రాజమండ్రిలో పుట్టిపెరిగిన నాకు బురుజు మీద నిలబడి గంగను చూస్తుంటే ఆ సంగతే మనసులో మెదిలింది.

తిరుగు ప్రయాణంలో ఇదంతా గైడుకు చెప్పాను. ఆయన కారు పక్కకు ఆపించి, పేర్లూ సంవత్సరాలూ మళ్లీ అడిగి రాసుకున్నారు.