వాకర్, టక్కర్, ఫుల్లర్: ఒక వృత్తి మూడు ఇంటిపేర్లుగా మిగిలిన ఊళ్లలో పది రోజులు

విశాఖపట్నంలో భూగర్భశాస్త్రం చదువుకున్నవారికి వాకర్ అనే పేరు కొత్త కాదు. సింహాచలం, కైలాసగిరి కొండల్లో ఎర్రబారి కనిపించే రాతికి, తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీదుగా 1902లో ఖొండలైట్ అని నామకరణం చేసిన శాస్త్రవేత్త టి. ఎల్. వాకర్. రాతి పేరుకు అర్థం నేర్చుకున్నాను గాని, ఆ పేరు పెట్టిన మనిషి ఇంటిపేరుకు అర్థమేమిటని ఉద్యోగ విరమణ చేసేదాకా నేను ఆలోచించలేదు. నడిచేవాడు అయి ఉంటుందిలే అనుకున్నాను. అది నడకే గాని దారిన పోయే నడక కాదని, తొట్టిలో వేసిన ఉన్ని గుడ్డను గంటల తరబడి తొక్కే నడక అని చాలా ఆలస్యంగా తెలిసింది. మాంచెస్టర్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేనూ మా ఆవిడా పది రోజులు కేటాయించి, ఆ పేరు, దాని తోబుట్టువుల్లాంటి మరో రెండు పేర్లు పుట్టిన వృత్తి జాడలను చూసి వచ్చాము.

చూసిన చోట్లను తూచే ముందు ఆ పని ఏమిటో చెప్పాలి. మగ్గం మీద నుంచి దిగిన ఉన్ని గుడ్డ వదులుగా, జిడ్డుగా ఉంటుంది. దానిని నీటితోనూ, నిలవ ఉంచిన మూత్రంతోనూ, జిడ్డును పీల్చుకునే ఒక రకం మట్టితోనూ తడిపి బాగా తొక్కితే జిడ్డు విడిచిపోతుంది, ఉన్ని పోగులు ఒకదానిలో ఒకటి పెనవేసుకుంటాయి, గుడ్డ కుదించుకుపోయి దట్టమవుతుంది. మూత్రంలో పుట్టే అమోనియా సబ్బు పని చేస్తుంది. ఆ మట్టి మనకు తెలియనిదేమీ కాదు. ముల్తానీ మట్టి పొట్లం మీద ఇంగ్లీషులో ఫుల్లర్స్ ఎర్త్ అని, అంటే ఫుల్లర్ల మట్టి అని రాసి ఉంటుంది. తెలుగు బైబిల్లో ఈ వృత్తివాడిని చాకలి అన్నారు. మన పాఠకుడికి వెంటనే అర్థమయ్యే మాట అదే కాబట్టి అనువాదకులను తప్పు పట్టలేము గాని, చాకలి వాడిన బట్టను శుభ్రం చేస్తాడు, ఈ పనివాడు ఇంకా ఎవరూ కట్టని కొత్త గుడ్డకు చిక్కదనం తెస్తాడు.

ఈ ఒక్క పనికి ఇంగ్లండులో ప్రాంతాన్ని బట్టి మూడు మాటలు ఉండేవి. ఆగ్నేయంలోనూ తూర్పులోనూ లాటిన్ మూలమున్న ఫుల్లర్ అనే మాట వాడేవారు. నైరుతిలోని డెవన్, సోమర్సెట్ ప్రాంతాల్లో టక్కర్ అనేవారు. అది హింసించడమనే అర్థమున్న పాత మాట నుంచి వచ్చింది, గుడ్డను వారు పెట్టే బాధను చూస్తే సరిపోయిందనే అనిపిస్తుంది. మధ్య ఇంగ్లండు, ఉత్తర ఇంగ్లండు, స్కాట్లండులలో దొర్లించడం, అటూ ఇటూ కదిలించడం అనే ధాతువు నుంచి పుట్టిన వాకర్ స్థిరపడింది. 13, 14 శతాబ్దాలలో ఇంటిపేర్లు తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించడం మొదలైనప్పుడు ఈ మూడు మాటలూ ఎక్కడివక్కడ పేర్లుగా గడ్డకట్టాయి. మన ఇంటిపేర్లలో చాలావాటిని వింటే పూర్వీకుల ఊరు తెలుస్తుంది. ఇక్కడ పని పేరు వింటే ఏ దిక్కు మనుషులో తెలుస్తుంది. టైన్ నది ఒడ్డున, న్యూకాసిల్‌లో, వాకర్ అనే ఊరు కూడా ఉంది కాబట్టి కొందరికి ఆ పేరు ఊరి వల్ల వచ్చి ఉండవచ్చు, కానీ అధిక భాగం ఈ వృత్తిదే.

మేము ముందు నైరుతిలోని ఎక్సెటర్ వెళ్లాము. లండన్ పాడింగ్టన్ నుంచి రైలులో రెండున్నర గంటల లోపే చేరవచ్చు. స్టేషన్ దగ్గర ఒక చిన్న అతిథిగృహంలో రెండు రాత్రులు ఉన్నాము. గది శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది, ఇంటివారు ఎంతో మర్యాదగా ఉన్నారు. మాంసం లేని ఉదయపు భోజనం కావాలని ముందు రోజు చెబితే పుట్టగొడుగులు, బీన్స్, టమాటాలతో వేడిగా పెట్టారు. అయితే మెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్నవారు కింది అంతస్తు గది కోసం ముందుగానే అడగాలి.

ఎక్సెటర్‌లో చూడవలసినది ఫోర్ స్ట్రీట్‌లోని టక్కర్స్ హాల్. నేతగాళ్లు, గుడ్డ తొక్కేవాళ్లు, నూగు కత్తిరించేవాళ్లు కలిసి ఏర్పరచుకున్న వృత్తి సంఘం 1471లో ప్రార్థనామందిరంగా కట్టుకున్న భవనం అది. 1620లో మొదటి జేమ్స్ రాజు ఆ సంఘానికి అధికారపత్రం ఇచ్చాడు. ఆ సంఘం నేటికీ ఉంది, అదే భవనంలో సమావేశమవుతుంది. పై అంతస్తులో తిరగేసిన పడవలా వంగిన చెక్క కప్పు కింద, ఓక్ పలకలు తాపిన గోడల మధ్య నిలబడితే, ఈ పనివాళ్లు పేదరికంలో మగ్గిన కూలీలేననే నా ఊహ సగం తప్పని తెలిసింది. తొక్కేవాడు కూలీయే కావచ్చు, కానీ ఆ పనిని చేయించి గుడ్డను ఓడలకెక్కించినవాడు నగరాన్ని శాసించే స్థాయికి ఎదిగాడు. ప్రవేశం ఉచితం. వారంలో కొన్ని రోజులు, అదీ కొద్ది గంటలే తెరుస్తారు కాబట్టి ఆ వేళలు చూసుకోకుండా ఎక్సెటర్‌కు టికెట్టు కొనవద్దు. మమ్మల్ని తిప్పి చూపిన పెద్దావిడ స్వచ్ఛందంగా పనిచేస్తున్నారు. ప్రతి ప్రశ్నకూ తొందరపడకుండా జవాబు చెప్పారు. నేను చూసిన డబ్బు కట్టే ప్రదర్శనశాలల్లో కూడా అంత ఓపిక తక్కువ.

అక్కడి నుంచి నది ఒడ్డుకు నడిచి వెళ్లాము. క్రికిల్‌పిట్ మిల్లు దగ్గర పాత నీటి కాలువలు, తడి గుడ్డను బిగించి ఆరబెట్టే కొక్కేల చట్రాల నమూనాలు కనిపిస్తాయి. 1698లో గుర్రం మీద దేశమంతా తిరిగిన సీలియా ఫైన్స్ అనే మహిళ ఎక్సెటర్ వచ్చి, గుడ్డ మోపులతో ఊళ్లోకి వస్తున్న గుర్రాల బారులను, మూత్రంలో నానవేసి సబ్బు పట్టించి మిల్లులో వేసే పద్ధతిని, ఆ వాసనతో సహా రాసిపెట్టింది. ఇప్పుడు అదే ఒడ్డున కాఫీ దుకాణాలున్నాయి. కాఫీ బాగుంది, ధర ఎక్కువ.

ఎక్సెటర్ నుంచి లీడ్స్‌కు రైలు ప్రయాణం దాదాపు రోజంతా తింటుంది. ఇద్దరు కలిసి ప్రయాణించేవారు టూ టుగెదర్ రైల్‌కార్డు కొనుక్కుంటే టికెట్టులో మూడో వంతు తగ్గుతుంది, అయితే పనిదినాల్లో ఉదయం 9:30కి ముందు అది చెల్లదు. మాకు ఆ కార్డు ధర ఈ ఒక్క ప్రయాణంలోనే దాదాపు తిరిగి వచ్చింది. దారిలో ఒకచోట రైలు ఆలస్యమై తరువాతి బండి తప్పిపోయింది. అదే టికెట్టు మీద మరో రైలు ఎక్కనిచ్చారు గాని, ఆ మాట చెప్పే మనిషిని ప్లాట్‌ఫారం మీద వెతకడానికే ఇరవై నిమిషాలు పట్టింది.

ఆ ఖాళీ సమయమంతా ఈ పేర్లు ప్రపంచం మీద ఎలా పరుచుకున్నాయో నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఎక్సెటర్ సంఘానికి రాజపత్రం దొరికిన 1620లోనే మేఫ్లవర్ ఓడలో అమెరికా వెళ్లిన వలసదారులలో శామ్యూల్, ఎడ్వర్డ్ అనే ఫుల్లర్ సోదరులున్నారు. తూర్పు ఇంగ్లండు నుంచి వెళ్లినవారు కాబట్టి వారు ఫుల్లర్లు. డెవన్ నుంచి వెళ్లి ఉంటే టక్కర్లయ్యేవారు. వాకర్ నేడు బ్రిటన్‌లో మొదటి 20 ఇంటిపేర్లలోనూ, అమెరికాలో మొదటి 50 లోనూ ఉంది. అయితే అమెరికాలోని వాకర్లందరూ వలస వెళ్లిన ఇంగ్లీషువారి, స్కాట్లండువారి సంతానం కాదు. బానిసలుగా అమ్ముడుపోయినవారి వంశాలలోనూ ఈ పేరు విస్తారంగా ఉంది. అక్కడ అది పూర్వీకుల పని పేరు కాదు, తోటల యజమానుల పేర్లు వారి కుటుంబాలకు అంటుకున్న చరిత్ర. వివాహం వల్ల మేడమ్ సి. జె. వాకర్‌గా ప్రసిద్ధురాలై, కేశసంరక్షణ వస్తువుల వ్యాపారం స్థాపించిన సారా బ్రీడ్‌లవ్ గాని, 1903లో రిచ్‌మండ్‌లో బ్యాంకు స్థాపించి దానికి అధ్యక్షురాలైన మ్యాగీ లీనా వాకర్ గాని ఆ పేరును యార్క్‌షైర్ తొట్టెల నుంచి ఎవరూ ఊహించని చోటికి చేర్చారు.

టక్కర్ అనే పేరు మన తీరానికీ వచ్చింది. ఇండియన్ సివిల్ సర్వీసు వదులుకుని 1882లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థను భారతదేశానికి తెచ్చిన ఫ్రెడరిక్ టక్కర్, వివాహానంతరం బూత్-టక్కర్ అయ్యాడు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం సెటిల్‌మెంటును నడిపింది ఆ సంస్థే. నేరస్థ జాతులని ముద్ర వేసి మనుషులను ఒకచోట కట్టడి చేసిన ఆ విధానాన్ని నేను సమర్థించలేను. కానీ గుంటూరు వైపు పుట్టిన మా ఆవిడ చిన్నప్పటి నుంచి వింటున్న ఊరికీ, రెండు రోజుల కిందట మేము నిలబడిన హాలుకూ మధ్య ఒక ఇంటిపేరు దారం ఉందని తెలిసి ఇద్దరమూ కాసేపు మాట్లాడకుండా కూర్చున్నాము.

లీడ్స్‌లో వంటగది ఉన్న అద్దె గది తీసుకున్నాము. యాత్ర మొత్తంలో బసకు పెట్టిన ఖర్చులో సార్థకమైనది ఇదే. ప్రయాణపు అలసట మీద వేడి అన్నం, చారు దొరకడం మా వయసువారికి చిన్న విషయం కాదు. ఆర్మ్‌లీ మిల్స్‌లోని లీడ్స్ పారిశ్రామిక ప్రదర్శనశాల, ఎయిర్ నదికి, కాలువకు మధ్య ఉంది. ఆ చోట గుడ్డ తొక్కే మిల్లు 16వ శతాబ్దం నుంచే ఉంది. 1805లో అగ్నిప్రమాదం తరువాత మిల్లు యజమాని బెంజమిన్ గాట్ తిరిగి కట్టించిన భవనమే ఇప్పుడు చూస్తాము. ఒకప్పుడు ప్రపంచంలో అతి పెద్ద ఉన్ని మిల్లు అదేనని చెబుతారు. యంత్రాలంటే ఇష్టమున్నవారికి ఒక పూట చాలదు. కానీ దువ్వడం నుంచి దుస్తులు కుట్టడం దాకా అన్నీ చూపే ఆ విస్తారంలో వాకర్ పని ఒక మూలకు తగ్గిపోయింది. నా ప్రయోజనానికి అది మూడో స్థానంలోనే నిలుస్తుంది.

హాలిఫాక్స్‌లోని పీస్ హాల్ అందం వేరు. 1779లో ప్రారంభమైన ఆ భవనంలో నడిమి ముంగిలి చుట్టూ 315 గదులు, ఒక్కొక్కటి ఒక వ్యాపారి గుడ్డ తానులు అమ్ముకోవడానికి. ప్రవేశ రుసుము లేదు. సాయంకాలపు ఎండలో ఆ స్తంభాల వరుసలు చూడవలసిందే. దగ్గరలోనే గిబ్బెట్ స్ట్రీట్‌లో శిరచ్ఛేద యంత్రం నమూనా ఉంది. 13½ పెన్నీలు, అంతకు మించి విలువ చేసే సొత్తు దొంగిలించి దొరికితే ఈ ఊళ్లో తల తీసేవారు. ఆఖరి శిక్ష 1650లో పడింది. తొక్కిన గుడ్డను రాత్రింబవళ్లు ఆరుబయట చట్రాల మీద ఆరబెట్టక తప్పని ఊరు, కాపలా కాయలేని సొత్తు కోసం ఎంత క్రూరంగా మారిందో అక్కడ అర్థమవుతుంది. హాలిఫాక్స్‌లో మా బస మాత్రం నిరాశపరిచింది. మద్యశాల పైన ఉన్న గదిని ప్రశాంతమైనదని చెప్పి ఇచ్చారు. అర్ధరాత్రి దాటేదాకా కింద పాటలు ఆగలేదు, హీటరు పనిచేయలేదు, ఉదయం అడిగితే క్షమాపణ తప్ప డబ్బు తిరిగి రాలేదు. ఆ ఊరిని లీడ్స్ నుంచి రైలులో వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేలా చూడడమే మేలు.

మిగిలింది లాంకషైర్‌లోని హెల్మ్‌షోర్. మాంచెస్టర్‌లో అమ్మాయి ఇంటి నుంచి బస్సులో హాస్లింగ్డన్ దాకా వెళ్లి, అక్కడి నుంచి పల్లంలోకి నడిచాము. టికెట్టు మనిషికి 3 పౌండ్లు మించలేదు. వచ్చేటప్పుడు బస్సు నలభై నిమిషాలు ఆలస్యమైంది, చలిలో నిలబడడానికి నీడ కూడా లేదు; గొడుగు, ఫ్లాస్కు వెంట ఉండాలి. చలికాలంలో మ్యూజియం మూసి ఉంటుంది, మిగతా నెలల్లో కూడా అన్ని రోజులూ తెరవరు.

ఇంత శ్రమపడి వెళ్లవలసిన చోటు ఇదొక్కటే అని నిస్సంకోచంగా చెబుతాను. 1789లో టర్నర్ కుటుంబం కట్టించిన హయ్యర్ మిల్‌లో నీటి చక్రం ఇప్పటికీ తిరుగుతుంది. చక్రం ఇరుసుకు ఉన్న పళ్లు పెద్ద చెక్క సుత్తులను ఎత్తి వదులుతాయి, అవి తొట్టిలోని తడి గుడ్డ మీద ఒకదాని తరువాత ఒకటి పడతాయి. ప్రతి దెబ్బకూ నేల అదురుతుంది. మనిషి పాదం చేసిన పనిని నీరు అందిపుచ్చుకున్నది ఎప్పుడో 12వ శతాబ్దంలోనే. 1185 నాటి టెంప్లర్లు అనే క్రైస్తవ యోధుల సంఘం లెక్కల్లో ఇంగ్లండులోని ఇలాంటి మిల్లులు నమోదై ఉన్నాయి. అంటే వాకర్ ఇంటిపేరుగా స్థిరపడే నాటికే చాలాచోట్ల తొక్కే కాళ్లు తొట్టిలోంచి బయటికి వచ్చేశాయి. పని సుత్తులకు పోయినా పేరు పాదాలకే మిగిలింది. ఎనిమిది రోజులుగా చదువుతూ, వింటూ వచ్చిన ఈ సంగతి ఆ సుత్తుల పక్కన నిలబడినప్పుడు గాని నాకు ఒంటికి పట్టలేదు.

నడిపి చూపించిన ఆయనను, ఇళ్ల నుంచి మూత్రం సేకరించిన మాట నిజమేనా అని మా ఆవిడ అడగమంటే అడిగాను. "నిజమేనండి, దానికి లాంట్ అని పేరు కూడా ఉంది," అని, తొక్కక ముందటి గుడ్డ ముక్కను, తొక్కిన తరువాతి ముక్కను మా చేతుల్లో పెట్టారు. మొదటిదానిలోంచి కిటికీ వెలుగు కనిపించింది. రెండోది చేతిలో గొంగడిలా బరువుగా ఆనింది, వెలుగు రాలేదు. ఈలోగా ఆయన నీటి తలుపు దించారు; సుత్తులు మరో రెండు మూడు సార్లు పడి ఆగిపోయాయి.