లిస్బన్, పోర్టో యాత్ర: "వో" ఒక్కటి నేర్చుకుని వెళ్లండి

లిస్బన్‌లో మా బస అల్ఫామా కొండ మీద, నాలుగో అంతస్తులో. లిఫ్ట్ లేదు, ఆ సంగతి బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ముందే అడిగి తీరాలి.

నేను నేర్చుకుని వెళ్లిన పోర్చుగీసు చాలా కొంచెం. "వో" అంటే వెళ్తున్నాను. దాని పక్కన ఏ క్రియ పెట్టినా "చేయబోతున్నాను" అయిపోతుంది. వో పగార్: డబ్బు కట్టబోతున్నా. మనం అనాలంటే "వాముష్ పగార్". భవిష్యత్తుకు విడిగా క్రియారూపం ఉన్నా, మామూలు మాటల్లో ఎక్కువగా వినబడేది ఇదే. ఆలోచిస్తే మన "చేయబోతున్నాను"లోనూ ఉన్నది "పోవు" అనే క్రియే! అది తట్టిన క్షణం నుంచి ఆ భాష మీద నాకు భయం పోయింది.

28వ నంబరు ట్రామ్‌లో ముందు తలుపున ఎక్కి వెనక తలుపున దిగాలి. మేమెక్కినప్పుడు కాలు పెట్టే సందు లేదు. బటన్ నొక్కి "వో సయీర్", దిగబోతున్నా, అన్నాను. ఎదురుగా ఉన్న పెద్దాయన సంచీ పొట్టకు హత్తుకుని పక్కకు ఒదిగి దారిచ్చారు. పొద్దున్నే ఎక్కండి, రద్దీలో జేబుదొంగలుంటారు.

భోజనం దగ్గర ఇంకో జాగ్రత్త. కూర్చోగానే రొట్టె, ఆలివ్ కాయలు, వెన్న తెచ్చి పెడతారు. అవి ఊరికే ఇచ్చేవి కావు, తింటే బిల్లులో పడతాయి. ఆలివ్ గిన్నె చూపించి "నౌఁ వాముష్ కుమేర్", మేం తినబోవడం లేదు, అన్నాను. వడ్డించే కుర్రాడు చిరునవ్వుతో గిన్నె తీసుకెళ్లాడు. రొట్టె ఉంచుకున్నాం, చాలా బాగుంది.

పోర్టోకి రైలు సుమారు మూడు గంటలు. ముందుగా కొంటే టికెట్ చౌక. సావ్ బెంటు స్టేషన్‌లో జార్జ్ కొలాసు చిత్రించిన దాదాపు 20,000 నీలి పలకలు గోడల నిండా ఉన్నాయి. వాటికోసం ఒక గంట ఉంచుకోండి. మాకు గది దగ్గర్లోనే దొరికింది. లిస్బన్ బస కంటే అన్ని విధాలా నయం.

ఆఖరి రోజు 1886 నాటి దొమ్ లూయీష్ వంతెన చూద్దామని బయల్దేరుతుంటే ఇంటావిడ గుమ్మం దగ్గర ఆపి, ఆకాశం వైపు చూసి "వై షువేర్" అంది. వాన పడబోతోంది. ఒక పాత గొడుగు మా ఆవిడ చేతిలో పెట్టింది. వంతెన సగం దాటేసరికి చినుకులు మొదలయ్యాయి.