కృష్ణానగర్ అద్దె డ్రెస్సుల్లో లండన్ రాజులు: ఏది తీసుకోవచ్చు, ఏది సరిచేసుకోవాలి

తెల్లదొర కోటు, టోపీ కృష్ణానగర్‌లో ఏ డ్రెస్సుల షాపులోనైనా అద్దెకు దొరుకుతాయి. రాజకుటుంబం సెట్లు మాత్రం అరుదు. మెట్లెక్కి వెళ్లాల్సిన ఈ చిన్న షాపులో మూడున్నాయి.

విక్టోరియా సెట్టు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. నల్ల గౌను, తెల్ల లేసు ముసుగు, బుల్లి కిరీటం. 1861లో భర్త పోయాక 1901లో తను పోయేదాకా ఆమె నలుపు వదల్లేదు. 1870లో చేయించుకున్న కిరీటం ఎత్తు పది సెంటీమీటర్లే. షాపువాళ్లదీ దాదాపు అంతే. కాకపోతే అడుగున దువ్వెన లేదు, తల వంచితే జారుతుంది. ముసుగును విగ్గుకు నాలుగు వైపులా పిన్నులతో బిగించి, కిరీటం అడుగు తీగను తెల్లదారంతో ముసుగుకే కుట్టేయండి. లేకపోతే నటి సీనంతా మెడ పట్టేసినదానిలా నిలబడుతుంది. దాన్ని ఎవరూ రాజసం అనుకోరు.

1911 ఢిల్లీ దర్బారుకి ఐదో జార్జి సెట్టుంది. ఇక్కడే తంటా. నీలం పట్టాను కుడి భుజం మీద కుట్టేశారు. గార్టర్ (బ్రిటన్‌లో అత్యున్నత నైట్ బిరుదు) నీలం పట్టా ఎడమ భుజం నుంచి కుడి నడుముకు దిగాలి, నక్షత్రం ఎడమ రొమ్మున ఉండాలి. కుట్టు విప్పి తిప్పుకోవాల్సిందే. కిరీటం థర్మోకోలు. ఆ రోజు మూడున్నర గంటలు కిరీటం పెట్టుకుని తల నొప్పెట్టిందని జార్జే డైరీలో రాసుకున్నాడు. ఆ అసలు కిరీటం బరువు కిలోకు కాస్తే తక్కువ. దూదిలా తేలే కిరీటంతో నటుడు తల ఇష్టమొచ్చినట్టు ఊపేస్తాడు. లోపలి పట్టీలో ఇనప వాషర్లు వరసగా కుట్టి రిహార్సల్ నుంచే పెట్టిస్తే మెడ దానంతటదే నిలబడుతుంది, చూపు నిదానిస్తుంది.

గడ్డం కూడా చూసుకోండి. జార్జి అంటే చాలు, ఒకటే క్రేపు గడ్డం చేతిలో పెడతారు. అది ఐదో జార్జికి సరే. 2010 నాటి ‘ది కింగ్స్ స్పీచ్’ సినిమాలో కాలిన్ ఫర్త్ వేసిన నత్తి రాజు ఆరో జార్జి, ఆయనకు గడ్డం లేదు.

రెండో ఎలిజబెత్ సెట్లో గౌను బాగుంది, మెడలో మాత్రం ఎర్రరాళ్ల బంగారు హారం! 1947లో ఆమె పెళ్లికి మన నిజాం ఇచ్చిన కార్టియే హారం వజ్రాలది. లాడ్‌బజార్‌లో తెల్లరాళ్ల సన్న హారం కొనుక్కోవడం మేలు.

జార్జి అంగీ తెల్లబొచ్చు అంచు మీద నల్ల మచ్చలు మార్కరుతో వేసినవి. రవీంద్రభారతి ఏసీలో గండం గడుస్తుంది. ఓపెన్ స్టేజీ మీద చెమటకు కరిగి మెడంతా నల్లబడుతుంది, ఆ మరక డబ్బులు డిపాజిట్‌లో కోస్తారు. కాలరు లోపల పాత బనియను గుడ్డ టాకా వేయండి. తీసుకునేటప్పుడే అంచుకు దగ్గరగా ఫోటోలు తీసి షాపతని వాట్సాప్‌కు పంపేయండి.