టీఎల్‌డీ మాత్ర: ఏళ్లుగా వాడాక తేలినవి

హెచ్‌ఐవీకి రోజుకు ఒక్క మాత్ర. అందులో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. ఏఆర్‌టీ సెంటర్లలో, అంటే హెచ్‌ఐవీ చికిత్స కేంద్రాల్లో, ఉచితంగా ఇచ్చే ఈ టీఎల్‌డీని ఏళ్లుగా వాడుతున్నవాళ్లుగా మేం గట్టిగా చెప్పేది ఒకటుంది. మందు మంచిది, మొండిది కూడా. వైరస్ దీనికి అంత తేలిగ్గా అలవాటు పడదు. దీన్ని దెబ్బతీయగలవి పక్కన వేసుకునే వేరే మందులు, అందులోనూ మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికేవి.

దీనికి ముందు ఇచ్చిన టీఎల్‌ఈ మాత్రలో ఎఫావిరెంజ్ అనే మందు వల్ల తల తిరిగేది, విపరీతమైన కలలొచ్చేవి, అందుకే పడుకునే ముందు వేసుకోమనేవారు. టీఎల్‌డీతో ఆ బాధ చాలా తక్కువ. కొందరికి నిద్ర తగ్గుతుంది. పొద్దుటి పూటకు మార్చుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. తిన్నాకైనా, తినకముందైనా ఫర్వాలేదు. బరువు పెరగడం మాత్రం నిజమే, నడుం చుట్టుకొలత మీద మొదటినుంచీ కన్నేసి ఉంచాలి.

అసలు జాగ్రత్త గ్యాస్ మందుల దగ్గర. వైరస్ మన కణంలోని డీఎన్‌ఏలో చేరడానికి వాడుకునే ఇంటిగ్రేజ్ ఎంజైమును డోలుటెగ్రావిర్ ఆపుతుంది. ఆ ఎంజైములో ఉండే మెగ్నీషియాన్ని పట్టుకునే ఆ పని చేస్తుంది. అదే గుణం వల్ల కడుపులో మెగ్నీషియం, అల్యూమినియం, కాల్షియం, ఇనుము, జింకు ఎదురైనా వాటికీ అతుక్కుంటుంది. అప్పుడు రక్తంలోకి చేరాల్సినంత చేరదు. డైజీన్, జెలుసిల్ లాంటివాటిలో ఉండేవి అల్యూమినియం, మెగ్నీషియమే. టీఎల్‌డీ వేసుకున్నాక కనీసం 2 గంటలు ఆగి వాటిని తాగాలి. ముందే తాగేసి ఉంటే 6 గంటలు గడిచాక టీఎల్‌డీ వేసుకోవాలి. భోజనంతో వేసుకున్నా ఈ నియమం మారదు. సుక్రాల్‌ఫేట్ సిరప్‌కూ ఇంతే. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్‌తో ఈ చిక్కు లేదు కాబట్టి, తరచూ కడుపులో మంట వచ్చేవాళ్లు డాక్టరును అడిగి వాటికి మారడం మేలు.

కాల్షియం, ఐరన్ మాత్రల సంగతి కొంచెం వేరు. అన్నం తింటూ టీఎల్‌డీతో కలిపి వేసుకోవచ్చు. ఖాళీ కడుపున అయితే అదే 2 గంటలు, 6 గంటల లెక్క. గర్భిణులకు ఐరన్, కాల్షియం రెండూ ఇస్తారు, ఆ రెండింటినీ ఒకేసారి వేసుకోకూడదు కూడా. అందుకే మాకు తేలిగ్గా తోచిన పద్ధతి ఇది: పొద్దున 6 గంటలకు టీఎల్‌డీ, టిఫిన్ తర్వాత 9కి కాల్షియం, మధ్యాహ్నం ఐరన్, రాత్రి భోజనంతో రెండో కాల్షియం. మర్నాటి టీఎల్‌డీకి ఎంతో వ్యవధి ఉంటుంది. బిడ్డకు వెన్నుపాము లోపం వస్తుందని 2018లో బోట్స్‌వానా నుంచి ఒక హెచ్చరిక వచ్చింది. తర్వాత అక్కడే మరిన్ని కాన్పుల లెక్కలు చూసేసరికి ఆ తేడా నిలవలేదు. ఆ పాత భయంతో గర్భిణులు మందు మానేయకూడదు.

టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ కాలేయాన్ని ఉసిగొల్పి డోలుటెగ్రావిర్‌ను తొందరగా కరిగించేస్తుంది. అందుకే టీఎల్‌డీ వేసుకున్న 12 గంటలకు మరో డోలుటెగ్రావిర్ 50 మాత్ర ఇస్తారు. టీబీ కోర్సు అయిపోగానే దాన్ని ఆపేయకూడదు, ఇంకో 2 వారాలు వేసుకోవాలి. రిఫాంపిసిన్ ప్రభావం అంతవరకూ పోదు. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్ కూడా ఇలాగే చేస్తాయి. లెవెటిరాసెటమ్‌తో ఆ సమస్య రాదు. ఏది మార్చాలన్నా డాక్టరే మార్చాలి.

షుగరున్నవాళ్లకు వ్యవహారం తిరగబడుతుంది: డోలుటెగ్రావిర్ షుగరు మందు మెట్‌ఫార్మిన్‌ను ఒంట్లో నిలబెట్టేస్తుంది. రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. పూటకు 1000 చొప్పున రెండు పూటలా వేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, షుగరు డాక్టరుకు ఏఆర్‌టీ సంగతి చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు. మొహమాటపడితే మందుల పేర్లు రాసిన కాగితమైనా చూపించండి.

మొదటి నెలలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో చూసే వ్యర్థం) 0.1 – 0.2 పెరిగి ఆగితే కంగారు అక్కర్లేదు. డోలుటెగ్రావిర్ మూత్రంలోకి క్రియాటినిన్ వెళ్లే దారిని కొంత మూస్తుంది, కిడ్నీ వడపోత తగ్గదు. ఆ తర్వాత కూడా పెరుగుతూ పోతే కిడ్నీని దెబ్బతీయగల టెనోఫోవిర్‌ను అనుమానించాలి. ఒళ్లు నొప్పులన్నప్పుడల్లా ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం ఇందుకే ప్రమాదం, అదీ కిడ్నీని దెబ్బతీయగలదు. నొప్పికి పారాసిటమాల్ చాలు.

హెపటైటిస్ బి కూడా ఉంటే టీఎల్‌డీని హఠాత్తుగా ఆపడం మహా ప్రమాదం. ఇందులోని రెండు మందులు ఆ వైరస్‌నూ అణచిపెడతాయి. ఆపితే కాలేయం ఒక్కసారిగా దెబ్బతినొచ్చు.

వేళకు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి డోసుకు 4 గంటలే మిగిలి ఉంటే వదిలేసి, మామూలు వేళకు ఒక్కటే వేసుకోవాలి. రెండు కలిపి వేసుకోకూడదు. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష 6 నెలలకు, 12 నెలలకు, ఆపైన ఏటా చేయించుకోవాలి.

ఎవరి కంటా పడకూడదని నెల మాత్రలన్నీ ప్లాస్టిక్ కవర్లోకి మార్చేవాళ్లు ఉన్నారు. వానాకాలం చెమ్మకు మాత్రలు పాడవుతాయి. సీసాలోని చిన్న సిలికా సంచి పారేయకుండా మూత బిగించి, అందులోంచి రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే డబ్బీలోకి తీసుకోండి.