జిమ్నీకి రెండంగుళాల లిఫ్ట్: చివరికి అటకెక్కిన స్ప్రింగులు

మారుతి జిమ్నీ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. చెప్పేదల్లా దానికి నేను వేయించిన రెండంగుళాల లిఫ్ట్ (పొడుగు స్ప్రింగులు వేసి బండిని ఎత్తు చేయడం) గురించి, 235/75 సైజు పెద్ద టైర్ల గురించి. కొత్తలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "కళ్లు మూసుకుని వేయించెయ్యండి" అని చెప్పాను. ఇద్దరు వేయించుకున్నారు కూడా. ఆ మాట ఇప్పుడు కాస్త వెనక్కి తీసుకోవాలి.

చింతపల్లి దగ్గర మా మామగారికి కాఫీ తోట ఉంది. విశాఖ నుంచి నెలకు రెండుసార్లు వెళ్తాం. తారు రోడ్డు దిగాక రెండు కిలోమీటర్లు ఎర్రమట్టి దారి. ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా గాడి పడింది, మధ్యలో గట్టు లేచింది. వానాకాలంలో ఆ గట్టు బండి కింద గీరుకుంటుంటే ప్రాణం ఉసూరుమనేది. బండిని లేపితే పోతుందిలే అనుకున్నాను.

పోలేదు. ఎందుకు పోలేదో కింద పడుకుని చూస్తే గానీ అర్థం కాలేదు. జిమ్నీకి ముందూ వెనకా నిండు ఇరుసులే, అంటే రెండు చక్రాలనీ కలుపుతూ ఒకే ఇరుసు. పొడుగు స్ప్రింగులు వేస్తే లేచేది ఛాసిస్, దాని మీద బాడీ. ఇరుసుకి ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్ (చక్రాలు తిప్పే గేర్లుండే డబ్బా) ఎక్కడిదక్కడే ఉంటుంది. గట్టుకి ముందు తగిలేది అదే. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన ఎత్తులో సగం. కంపెనీ ఇచ్చే 195/80 టైరు ఎత్తు సుమారు 693 మిల్లీమీటర్లు, 235/75ది 733. అంటే హౌసింగ్ కింద నాకు దక్కింది 20 మిల్లీమీటర్లు. ఒక వేలి మందం! లిఫ్ట్ వల్ల వచ్చింది సున్నా.

అలాగని పూర్తిగా దండగ అనను. ఐదు డోర్ల జిమ్నీ పొడుగు బండి, చక్రాల మధ్య 2590 మిల్లీమీటర్లు. దిబ్బ ఎక్కి దిగేటప్పుడు పొట్ట ఆనుతుంది. తోట గేటు ముందున్న దిబ్బ లిఫ్ట్ తర్వాత హాయిగా దాటాను. చూడ్డానికి కూడా బండి భలే ఉండేది. మా అమ్మ మాత్రం స్టూలు వేస్తే గానీ ఎక్కలేకపోయేది. "ఇది బండా, అటకా?" అంది ఓసారి.

అసలు కథ నాలుగో నెలలో. తోట నుంచి వస్తున్నాం, పక్కన బావమరిది. అనకాపల్లి దాటాక హైవే మీద 75లో ఉన్నాను. వంతెన మీద జాయింట్ తగిలింది, అంతే. స్టీరింగ్ చేతుల్లో కుడీ ఎడమా కొట్టేసుకోవడం మొదలైంది. ఏదో చక్రం ఊడిపోయిందనుకున్నాను. గట్టిగా పట్టుకుంటే ఆగదు. వెనక లారీ హారన్. బ్రేకు మెల్లగా తొక్కుతూ 30కి తెచ్చాక గానీ ఆగలేదు. పక్కకి తీసి చూస్తే నట్లన్నీ బిగువుగానే ఉన్నాయి. బావమరిది దిగి మంచినీళ్లు తాగి, "బావా, నేను బస్సులో వస్తా" అన్నాడు. వాణ్ని ఏమీ అనలేకపోయాను.

ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. దారిలో నన్ను ఎవరూ ఆపలేదు గానీ, ఆ రోజు ఎవరికైనా తగిలి ఉంటే ఇన్సూరెన్స్ వాళ్లకి ఏం చెప్పుకునేవాణ్నో.

లిఫ్ట్ వేసిన షాపుకి మూడుసార్లు వెళ్లాను. వీల్ బ్యాలెన్సింగ్ చేశారు, అలైన్‌మెంట్ చేశారు, చివరికి స్టీరింగ్ కుదుపుని అణిచే డ్యాంపర్ అమ్మారు. మూడు వారాలు బాగుంది, మళ్లీ మొదలు. ఆఖరికి నర్సీపట్నంలో పాత జీపులు చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కింద పడుకుని, నన్ను స్టీరింగ్ అటూ ఇటూ కొంచెం కొంచెం తిప్పమని, ల్యాటరల్ రాడ్ (ఇరుసు పక్కకి జరక్కుండా ఛాసిస్‌కి పట్టి ఉంచే కడ్డీ) చివర వేలు పెట్టాడు. టక్ టక్ మంటోంది. "డ్యాంపర్ నొప్పి బిళ్ల బాబూ, రోగం ఇక్కడుంది" అన్నాడు.

బోల్టులన్నీ బండిని గాల్లో వేలాడదీసి బిగించారట. నేల మీదికి దిగాక ఆ కడ్డీల చివర ఉండే రబ్బరు బుష్‌లు మెలిపడి, నడిచేకొద్దీ చిరిగిపోయాయి. దానికి తోడు క్యాస్టర్, అంటే ముందు చక్రాలు ఏ గీత మీద పక్కకి తిరుగుతాయో దాని వెనక వాలు. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది చూడండి, చేతులు వదిలేసినా తిన్నగా పోవడానికి అదీ ఒక కారణం. లిఫ్ట్‌తో ఇరుసు కొద్దిగా తిరిగి ఆ వాలు తగ్గిపోతుంది. సరిచేసే బుష్‌లు వేరే ఉంటాయి, నాకు వేయనే లేదు. ఆయన అవి తెప్పించి వేసి, బండి నేల మీద ఉండగానే బోల్టులు బిగించాడు. వణుకు మళ్లీ రాలేదు.

అయినా జాయింట్ కనబడితే చాలు నా చేతులు బిగుసుకునేవి. ఖాళీ బండి ఎగిరెగిరి పడేది. లీటరుకి 15 వచ్చేది 12కి దిగింది. పద్నాలుగు నెలలకి అన్నీ విప్పించి కంపెనీ స్ప్రింగులు, కంపెనీ రిమ్ములు పెట్టించాను. టైర్లు మాత్రం 215/75 ఆల్ టెర్రైన్ (తారుకీ మట్టికీ పనికొచ్చేవి) వేయించాను. హౌసింగ్ కింద పెరిగింది 5 మిల్లీమీటర్లే. కానీ బురదలో ఇంతకుముందు కన్నా బాగా పోతోంది! మట్టి దారి మొదట్లో గాలి 18 పీఎస్ఐకి తగ్గిస్తున్నాను, తిరిగి వచ్చాక చిన్న కంప్రెసర్‌తో నింపుకుంటున్నాను. ఇంత చిన్న పని ముందే చేసి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), ఇనప బంపరు, పైన టెంటు మోసేవాళ్లకి గట్టి స్ప్రింగులు కావాల్సిందే, రాళ్ల మీద ఎక్కించేవాళ్లకి లిఫ్టూ కావాలి. నాది నెలకు ఎనిమిది కిలోమీటర్ల బురద, మిగతాదంతా తారు రోడ్డు, వెనక సీట్లో అమ్మ. వేయిస్తే మాత్రం క్యాస్టర్ బుష్‌లు కూడా వేస్తారా, బోల్టులు ఎక్కడ బిగిస్తారు అని ముందే అడగండి.

ఆ పొడుగు స్ప్రింగులు మా ఇంటి అటక మీద ఉన్నాయి. గేటు ముందు దిబ్బ దగ్గర ఇప్పటికీ ఒక్కోసారి పొట్ట ఆనుతుంది. దిగి టైర్ల దారిలో రెండు రాళ్లు వేసుకుంటున్నాను.